వెళ్లొస్తానంది

కీర్తన ఇల్లు వదిలి వెళ్లిన రోజు దాని మిక్సీని మేడ మీద నుంచి కిందికి మోసింది నేనే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు ఆదివారం. గురువారం చెప్పింది, ఆదివారానికి సామాను సర్దేసింది. వాళ్ల పెదనాన్న కూతురు తాడేపల్లిలో కొత్త ఫ్లాటు తీసుకుందట. లిఫ్టు ఉందట, ఇది పనిచేసే కాలేజీ ఆఫీసుకి దగ్గరట.

"ఇంత తొందరేంటే? నెలాఖరు దాకా ఉండొచ్చుగా" అన్నాను మెట్లు దిగుతూ.

"వచ్చే గురువారం నుంచి ఆషాఢం అక్కా. ఈలోపు పాలు పొంగించకపోతే మళ్లీ నెల ఆగాలి. తను ఆగనంటోంది."

"మరి ఇక్కడి అద్దె?"

"మనిషి దొరికేదాకా నా సగం నేను పంపిస్తాను. నిన్ను ఇబ్బంది పెడతానా?"

కింది వాటాలో ఇంటివాళ్లు, బసవపున్నయ్య గారూ రావమ్మ గారూ, వరండాలోనే కూర్చుని ఉన్నారు. రావమ్మ గారు దానికి బొట్టు పెట్టి, రెండు అరటిపళ్లు, జాకెట్టు ముక్క చేతిలో పెట్టారు. "వెళ్లొస్తాను పిన్నిగారూ, వెళ్లొస్తాను బాబాయిగారూ" అంది. ఇద్దరూ "వెళ్లిరా తల్లీ" అన్నారు. ట్రాలీ ఆటో కదులుతుంటే నేను కూడా "వెళ్లిరా" అన్నాను. మన వైపు గడప దిగేవాడెవడూ వెళ్తానని అనడు కదా. శాశ్వతంగా పోయేవాడు కూడా వెళ్లొస్తాననే పోతాడు.

ఆ ఇల్లు అసలు కీర్తన ఆలోచనే. అంతకుముందు పటమటలోనే ఒక లేడీస్ హాస్టల్లో రెండేళ్లు మా ఇద్దరివీ పక్కపక్క మంచాలు. నేను జాకెట్ల మీద మగ్గం పని చేస్తాను. నాలుగు కర్రల చట్రానికి గుడ్డ బిగించి, పూసలూ జరీ వేసి కుట్టే పని. ఆ చట్రం ఆరడుగులు. హాస్టల్లో అది పెట్టుకునే చోటు లేక ఒక బొటిక్‌లో రోజు కూలికి కుట్టేదాన్ని. "అక్కా, హాలు నీకు, గది నాకు. నీ మగ్గం నువ్వు పెట్టుకో" అని నన్ను ఎగదోసింది ఇదే. మార్చిలో చేరాం. హాల్లో ఉత్తరం వైపు పెద్ద కిటికీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్లు గుంజకుండా పని చేసుకునేంత వెలుతురు. ముప్ఫై ఒక్క ఏళ్లకి మొదటిసారి నా పేరు మీద నాకు పని వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి పదకొండు జాకెట్లు ఒప్పుకున్నాను. అందులో ఒకటి కీర్తనదే. శ్రావణంలో వాళ్ల చిన్నాన్న కూతురి పెళ్లికని వాళ్లమ్మ కనకలక్ష్మి గారు చల్లపల్లి నుంచి రాణీరంగు పట్టుగుడ్డ పంపించారు.

ఒకటో తారీకున నా సగం పట్టుకుని కిందికి వెళ్లాను. కీర్తన సగం ఇంకా రాలేదు. బసవపున్నయ్య గారు నోట్లు చూసి చెయ్యి చాపలేదు.

"సగం అద్దె ఏంటమ్మాయ్? నేను సగం ఇల్లు ఇచ్చానా?"

"కీర్తన తన సగం పంపిస్తానందండీ, రెండు రోజుల్లో."

ఆయన లోపలికి వెళ్లి అగ్రిమెంటు తెచ్చారు. చల్లపల్లిలో ఆయన పొలం కౌలు కాగితాలు రాసే లేఖరి చేతే ఇంటి కాగితమూ రాయించారు. సంతకం పెట్టిన రోజు నేను చూసింది అద్దె అంకె ఒక్కటే. ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఇలా ఉంది: "పై ఇరువురూ జమిలిగానూ, ఎవరికి వారుగానూ పూర్తి అద్దెకు బాధ్యులు."

"అంటే ఏంటండీ?"

"అంటే ఇద్దరూ ఉంటే ఇద్దరూ కలిసి కడతారు. ఒకరే ఉంటే ఆ ఒకరే మొత్తం కడతారు. మా చేను ఇద్దరన్నదమ్ములు కౌలుకి చేసేవాళ్లు. పెద్దాడు ఆటో కొనుక్కుని బందరు పోయాడు. చిన్నాణ్ని సగం కౌలు ఇస్తే చాలన్నానా? చేలో ఎవరుంటే వాళ్లు కట్టాలి."

"ఇది చేను కాదు కదండీ."

"చేనైతే పంట వచ్చాక తీసుకునేవాణ్ని. ఇల్లు కాబట్టి ఒకటో తారీకు."

కోపంగా పైకి వెళ్లాను. పూసలకీ జరీకీ దాచిన డబ్బు తెచ్చి మొత్తం పన్నెండు వేలూ ఇచ్చాను. ఈ నెల సరే, వచ్చే నెల నా వల్ల కాదని మెట్లెక్కుతుంటేనే తెలుసు. కట్టలేకపోతే మళ్లీ హాస్టల్ మంచమే గతి. మగ్గం బందరులో మా అమ్మ ఎండుచేపలు ఆరబెట్టే పాకలోకి పోతుంది. పదకొండు జాకెట్లూ ఎవరి గుడ్డ వాళ్లకి తిరిగి ఇచ్చెయ్యాలి. ఒకసారి అలా ఇచ్చిన మనిషి దగ్గరికి ఈ ఊళ్లో మళ్లీ ఎవరూ రారు.

కీర్తనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం మెసేజి పెట్టింది, కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టడంతో చేతిలో ఏమీ లేదని. నాలుగు రోజులయ్యాక మాట కొంచెం మారింది.

"నేను ఉండని ఇంటికి నేనెందుకు కట్టాలక్కా? నువ్వే ఆలోచించు."

"పంపిస్తానన్నది నువ్వే కదే."

"అప్పుడు అన్నానులే. నువ్వు ఎవరినైనా చూసుకోవచ్చుగా. అంత మంచి గది, ఎవరైనా ఎగిరి గంతేసి వస్తారు."

రావడమైతే ముగ్గురొచ్చారు. మొదటి అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. కిటికీ తెరిచి చూసింది, కుళాయి తిప్పి చూసింది, నాతో కాఫీ తాగింది. "చాలా బాగుందండీ. శ్రావణం రాగానే వచ్చేస్తాను" అంది. రెండో ఆమె తల్లిని వెంట తెచ్చుకుంది. ఆ తల్లి చెప్పులు విప్పకముందే ఫోన్‌లో పంచాంగం తీసి తల అడ్డంగా ఊపింది. మూడో అమ్మాయికి ఏ పట్టింపూ లేదట గానీ, తెనాలిలో వాళ్ల నాయనమ్మకి ఉందట. ఆషాఢంలో కొత్త ఇంట్లోకి ఎవరూ దిగరు. ఆ సంగతి కీర్తనకి తెలుసు. తెలుసు కాబట్టే అది ఆషాఢానికి నాలుగు రోజుల ముందు గట్టెక్కి, ఆషాఢాన్ని నా నెత్తిన పెట్టి పోయింది.

నాలుగో మనిషి ఎలిజబెత్. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చింది.

"ముందే అడుగుతున్నాను, మీకు ఆషాఢం పట్టింపు..." అన్నాను.

"మాకేం ఆషాఢమండీ? మాకు డే డ్యూటీ, నైట్ డ్యూటీ, ఆ రెండే" అని నవ్వింది. ఇప్పుడున్న గది ఆదివారానికి ఖాళీ చెయ్యాలట. "ఆదివారం పొద్దున దిగిపోతాను. కాదంటే మాత్రం ఇప్పుడే చెప్పండి, వేరేది చూసుకోవాలి" అంది.

నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను. బసవపున్నయ్య గారు అంతా విని, "మంచిదే. కానీ కీర్తన ఖాళీ చేసిందని ఎవరన్నారు?" అన్నారు.

"ట్రాలీలో సామాను వెళ్లడం మీరూ చూశారు కదండీ."

"చూశాను. వెళ్లొస్తానంది. నాకూ చెప్పింది, మీ పిన్నిగారికీ చెప్పింది. ఖాళీ చేస్తున్నానని ఒక్క ముక్క అనలేదు, రాసివ్వలేదు. ఆ పిల్ల పేరు కాగితం మీద ఉండగా ఇంకో మనిషిని దింపితే, రేపు వాళ్ల నాన్న వచ్చి మా అమ్మాయి వాటా ఏదీ, మా అడ్వాన్సు ఏదీ అని నన్ను అడుగుతాడు."

"వెళ్లొస్తానంటే మళ్లీ వస్తానని అర్థమా బాబాయిగారూ? ఊళ్లో అందరూ అలాగే అంటారు కదా."

"అందరూ అంటారు. అందుకే కాగితం కావాలి."

నాకు ఒళ్లు తెలియలేదు. "ఎలిజబెత్ పేరు విని ఇలా అంటున్నారా? అదే అయితే అదే చెప్పండి" అనేశాను.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న రావమ్మ గారు తలెత్తారు. "మా ముగ్గురు పిల్లలకీ పురుడు పోసింది తెరేసమ్మ గారు. పేర్లు చూసుకునేదాన్నయితే ఆ రోజు మంచం మీదే చూసుకునేదాన్ని" అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కాగితం కాగితమే అన్నారు ఆయన.

మళ్లీ కీర్తనకి ఫోన్.

"రాసిస్తే ఒక నెల అద్దె కోసుకుంటారంట కదక్కా. పదకొండు నెలలు నిండకుండా ఖాళీ చేస్తే అడ్వాన్సులో అలా పట్టుకుంటారని కాగితంలోనే ఉంది" అంది. అంటే ఆ కాగితం ఇది ముందే చదువుకుందన్నమాట.

"అయితే నువ్వు ఖాళీ చెయ్యలేదా?"

"చెయ్యలేదని కాదు..."

"చెయ్యకపోతే అద్దె కట్టు."

"నేనక్కడ లేనుగా."

"ఉన్నావా, పోయావా? ఏదో ఒకటి చెప్పి చావు."

"ఆ మాటలేంటక్కా, ఆషాఢం పూట" అని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే చల్లపల్లి బస్సెక్కాను. కాలవలకి నీళ్లు వదిలారు. కూచిపూడి దాటాక అటూ ఇటూ నారుమళ్లు, అక్కడక్కడ నాట్లు పడుతున్నాయి. నా పక్కన కూర్చున్న ముసలాయన ఈ ఏడు నీళ్లు ముందే వచ్చాయని ఒకటే సంతోషం. నాకు ఆ పచ్చదనం మీద కూడా చిరాకేసింది. ఒళ్లో పెట్టుకున్న సంచిలో కనకలక్ష్మి గారి రాణీరంగు గుడ్డ ఉంది.

ఆవిడ నన్ను చూసి ఎంతో సంబరపడ్డారు. అప్పుడే గోరింటాకు రుబ్బినట్టున్నారు, వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. వద్దంటున్నా వినకుండా నా ఎడమ చెయ్యి లాక్కుని, అరచేతిలో చందమామ పెట్టి, వేళ్లకి టోపీలు పెట్టారు. "కుడిచెయ్యి వద్దులే, సూది పట్టుకోవాలి నువ్వు" అన్నారు. ఆ తడి చెయ్యి గాల్లో పెట్టుకునే నేను వచ్చిన పని చెప్పాను.

"ఆషాఢంలో ఖాళీ చేశామని రాసివ్వకూడదు దుర్గా. శ్రావణం రానీ, రాస్తుంది."

"చేరకూడదని విన్నాను గానీ ఆంటీ, కాగితం రాయకూడదని ఎక్కడా వినలేదండీ."

"మా ఇంట్లో ఉంది ఆ పట్టింపు."

"ఆషాఢంలో అద్దె కట్టకూడదని మాత్రం ఏ ఇంట్లోనూ లేదు కదండీ."

ఆవిడ ఆ మాట విననట్టే నా సంచి వైపు చూశారు. "జాకెట్టు తెచ్చినట్టున్నావు, చూపించు" అన్నారు.

కుడిచేత్తో గుడ్డ తీసి మంచం మీద పరిచాను. ఒక చెయ్యి నిండా మామిడిపిందెలు, సన్న జరీ, చివర ముత్యాల వరుస. అంత బాగా నేను ఎప్పుడూ కుట్టలేదు. కీర్తన వెళ్లకముందు నేను కుట్టిన చెయ్యి అది. రెండో చేతి మీద సుద్ద చుక్కలు తప్ప ఏమీ లేదు. ఆవిడ ముందు ముత్యాలు తడిమి చూశారు, తర్వాత చుక్కలు చూశారు.

"రెండో చెయ్యి?"

"కీర్తన వచ్చి సంతకం పెట్టాక మొదలుపెడతానండీ."

ఆవిడ గుడ్డ మీద నుంచి చెయ్యి తీసేశారు.

"నా చేత గోరింటాకు పెట్టించుకుని నా గుడ్డ పట్టుకుని బేరమాడుతున్నావా?"

బందరులో నాకు ఈ పని నేర్పింది శౌరమ్మ గారు. మొదటి రోజు సూది ఇచ్చే ముందు ఆవిడ చెప్పింది ఒకటే. ఎవరి మీద ఎంత కోపమున్నా వాళ్ల గుడ్డని దాంట్లోకి లాగకు, లాగితే నీ చేతికి ఎవరూ గుడ్డ ఇవ్వరు అని. పన్నెండేళ్లు ఆ మాట తప్పలేదు. ఆ రోజు తప్పాను. సిగ్గేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"సగం ఇల్లు ఎవరూ ఇవ్వరట ఆంటీ. ఆదివారంలోగా కీర్తన రాకపోతే ఆ ఇల్లు నాకుండదు. మగ్గం ఉండదు. అప్పుడు మీ ఒక్కరిదే కాదు, ఎవరి చెయ్యీ కుట్టలేను."

ఆవిడ గుడ్డ మడిచి నా సంచిలో తనే పెట్టారు. తర్వాత ఫోన్ తీసి పెరట్లోకి వెళ్లారు. ఏం మాట్లాడారో వినపడలేదు. తిరిగొచ్చి, "ఆదివారం వస్తుంది. చెయ్యి కడుక్కో, పండి ఉంటుంది" అన్నారు. అన్నం తినమనలేదు. ఆ ఇంట్లో అన్నం వేళకి వచ్చిన మనిషిని తినకుండా పంపడం నాకు తెలిసి అదే మొదలు.

బస్సులో చూసుకుంటే చందమామ ఎర్రగా పండింది. అంత బాగా పండితే మంచి మొగుడొస్తాడంటారు. నాకు మంచి రూమ్మేట్ వస్తే చాలనుకున్నాను.

శనివారం మిగతా జాకెట్లు ముందేసుకుని కూర్చున్నాను గానీ పని సాగలేదు. ఆ ఖాళీ చెయ్యి, ఆ సుద్ద చుక్కలే కళ్లలో ఆడుతున్నాయి. కీర్తన మీద కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. మధ్యాహ్నం అదే కోపంతో రాణీరంగు గుడ్డ మగ్గానికి బిగించి, ఆదివారం పొద్దున కాఫీ వేళకి రెండో చెయ్యి పూర్తి చేశాను. మొదటి దానికి ఒక్క పిందె తగ్గలేదు.

ఎలిజబెత్ తొమ్మిదింటికే ట్రంకుపెట్టెతో వచ్చి వరండాలో కూర్చుంది. కీర్తన పదిన్నరకి వచ్చింది. పెదనాన్న కూతురు స్కూటీ దిగకుండా గేటు దగ్గరే ఉండిపోయింది. కీర్తన నా కళ్లలోకి చూడలేదు. బసవపున్నయ్య గారు తెల్లకాగితం, పెన్ను బల్ల మీద పెట్టారు.

"రాయమ్మా."

అది వంగి రాసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు. "నేను ఈ ఇంటిలో నా వాటా వదులుకుని వెళ్లొస్తున్నాను." చదివి కళ్లజోడు తీసేశారు. "వెళ్లొస్తున్నానంటే మళ్లీ మొదటికే వచ్చాం కదమ్మా."

"వెళ్లిపోతున్నాను అని రాయి" అన్నాను నేను.

కీర్తన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. "అలా ఎవరైనా రాస్తారా అక్కా?"

"రాయొద్దులే తల్లీ, ఇంట్లో ఆ మాట" అన్నారు రావమ్మ గారు కూడా.

ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని, "ఇక మీదట ఈ ఇంటితో నాకు ఏ సంబంధమూ లేదు అని రాయి. అది కోర్టు మాట. దానికి శకునాలు ఉండవు" అన్నారు.

వెళ్లిపోతున్నానని రాయడానికి చెయ్యి రాని మనిషి, సంబంధం లేదని గబగబా రాసేసింది. ఎక్కడా పెన్ను ఆగలేదు. సంతకం పెట్టి తారీకు వేసింది. కోసుకునే నెల అద్దె, ఈ నెల నాకివ్వాల్సిన సగం, రెండూ అడ్వాన్సులో దాని వాటా నుంచి పట్టుకోమంది. అన్నీ నేను అడిగినట్టే జరిగాయి. నాకు మాత్రం ఆ గబగబా రాసిన ముక్క దగ్గరే మనసు చివుక్కుమంది. రెండేళ్లు పక్క మంచం మీద పడుకుంది. జ్వరమొస్తే నేను జావ కాచి పోశాను. నాకు పని లేనప్పుడు దాని టిఫిన్‌లో సగం నాకు పెట్టేది.

ఎలిజబెత్ ట్రంకుపెట్టె పైకి చేర్చేలోగా గుడ్డ తెచ్చి కీర్తన చేతికిచ్చాను. విప్పి చూసింది. ఈ చెయ్యి చూసింది, ఆ చెయ్యి చూసింది.

"ఒకటే అయిందని అమ్మ చెప్పిందే?"

"అప్పటికి ఒకటే అయింది."

"ఎంతివ్వాలి అక్కా?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండేది. మామూలుగా దాని దగ్గర నేను కూలి తీసుకునేదాన్నా? "మీ అమ్మ గోరింటాకు పెట్టారు. సరిపోయింది" అన్నాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నావి తిరగలేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది.

గుడ్డ గుండెలకి పెట్టుకుని వరండా మెట్ల దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగింది.

"వెళ్లొస్తా అక్కా."

దానికి ఏం జవాబు చెప్పాలో అప్పుడే మాటలు వచ్చిన పిల్లలకి కూడా తెలుసు. మనం ఆలోచించక్కర్లేదు, నోరే అనేస్తుంది.

"వెళ్లు" అన్నాను.

రావమ్మ గారు చప్పున నా వైపు చూశారు. కీర్తన ఒక మెట్టు దిగి ఆగింది. మిగతా సగం మాట కోసం ఆగిందని నాకు తెలుసు. బహుశా నాకు దగ్గో తుమ్మో వచ్చి మధ్యలో ఆగాననుకుందేమో. నేను పెదాలు బిగపట్టుకుని దాని భుజం మీదుగా గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అది మిగతా మెట్లు దిగింది. స్కూటీ స్టార్టయిన చప్పుడు, మలుపు తిరిగిన చప్పుడు వినపడ్డాయి.

పైనుంచి ఎలిజబెత్, "అక్కా, పెట్టె ఈ కిటికీ కింద పెట్టొచ్చా?" అని కేకేసింది.

అక్కడ పెట్టొద్దని, అది మగ్గానికి వెలుతురొచ్చే కిటికీ అని చెప్పడానికి మెట్లెక్కాను. జాకెట్లన్నీ వ్రతానికి రెండు రోజుల ముందే ఇచ్చేశాను. ఇల్లు నిలిచింది, మగ్గం నిలిచింది. కీర్తన మళ్లీ ఆ మెట్లెక్కలేదు, నేను ఫోన్ చెయ్యలేదు. ఆ రోజు అనకుండా మింగిన ఆ ఒక్క అక్షరం మాత్రం ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.